ధ్యాసంతా అక్షరాలకే ఖర్చైపోతే

కడప, అనంతపురం, కర్నూలు. సీమలో ఏ బస్టాండుకు వెళ్లినా బోర్డుల మీద కనిపించే మూడు పేర్లు ఇవి. చదవడం అలవాటైనవాళ్లకు మూడూ ఒక్కటే. చూపు తగలగానే పేరు నోటికొస్తుంది. కాస్త ఆగి చూస్తే మాత్రం మూడింటి బరువూ ఒకటి కాదని తెలుస్తుంది. 'కడప'లో ఉన్నవి మూడు మామూలు హల్లులు. గుణింతపు గుర్తు లేదు, ఒత్తు లేదు. 'అనంతపురం'లో రెండు సున్నాలు, ఒక కొమ్ము చేరాయి. 'కర్నూలు' దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. రకారం కింద నకారపు ఒత్తు ఉంది. కొమ్ముదీర్ఘం చూస్తే రకారానికి తగిలించి ఉంది, చెవికి మాత్రం ఆ 'ఊ' వినిపించేది నకారం తర్వాత. అంటే కన్ను రకారాన్ని, దాని పక్కనున్న దీర్ఘాన్ని చూసి, కిందికి దిగి ఒత్తును పట్టుకుని, ఆ దీర్ఘాన్ని తెచ్చి ఒత్తుకు జోడించాలి. అప్పుడు గానీ 'ర్నూ' పలకదు.

ఇంత పని జరుగుతోందని చాలామందికి జీవితంలో ఒక్కసారి కూడా తెలియదు. అది దానంతటదే జరిగిపోతుంది. డిస్లెక్సియా, అంటే చదవడంలో పుట్టుకతో వచ్చే ఇబ్బంది, ఉన్న మనిషికి అది దానంతటదే జరగదు. ముప్పై ఏళ్లు వచ్చినా, నలభై ఏళ్లు వచ్చినా, ప్రతి మాటకూ కొంత ధ్యాస చెల్లించాల్సిందే. బోర్డు మీద పేరు చదివేలోపు బస్సు కదిలిపోతుంది. పక్కనున్నవాళ్లు అనేది మాత్రం ఒకటే మాట: 'నీకు ధ్యాస లేదు.'

డిస్లెక్సియా ఉన్న పెద్దవాళ్లు ఈ మాటను చిన్నప్పటి నుంచీ రకరకాలుగా వింటూనే ఉంటారు. బడిలో 'మనసు పెట్టి చదవడు', ఇంట్లో 'పరాకు ఎక్కువ', ఆఫీసులో 'చెప్పింది తలకెక్కదు'. ఇందులో సగం నిజం ఉంది. వాళ్ల ధ్యాస నిజంగానే చాలాచోట్ల చాలదు. అయితే ధ్యాస లేకపోవడం వల్ల చదవలేకపోతున్నారని అనుకోవడంలోనే పొరపాటంతా ఉంది. చాలావరకు జరిగేది దానికి ఎదురు. చదవడానికే ధ్యాసంతా ఖర్చైపోయి, మిగతా పనులకు మిగలడం లేదు. ఇది ఓదార్పు మాట కాదు. గత కొన్ని దశాబ్దాల పరిశోధన చాలావరకు ఇటే చూపిస్తోంది, కొన్ని చిక్కుముడులతో సహా.

డిస్లెక్సియా గురించి ముందు రెండు ముక్కలు. ఇది కంటి జబ్బు కాదు, తెలివితక్కువతనం అంతకన్నా కాదు. మాటలోని శబ్దాలను విడదీసి పట్టుకోవడం, వాటిని అక్షరాలతో వేగంగా జతచేయడం పుట్టుకతోనే కష్టంగా ఉండటం దీని మూలం. ఎక్కువమంది పరిశోధకులు ఒప్పుకునే వివరణ ఇది. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఆంగ్లేయ వైద్యుడు 14 ఏళ్ల పెర్సీ అనే అబ్బాయి గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. చురుకైన పిల్లవాడు, ఆటల్లో ఎవరికీ తీసిపోడు, చదవడం మాత్రం రాదు. పాఠాలన్నీ నోటితోనే చెప్పి, నోటితోనే అప్పజెప్పించుకుంటే బడి మొత్తంలో అతనే మొదటివాడని అతని పంతులు అన్నాడట. నూట ముప్పై ఏళ్లు కావస్తున్నా ఆ పంతులు మాట పాతబడలేదు. విషయం అర్థం చేసుకునే బుర్ర బాగానే ఉంది. కాగితం మీది గీతల్లోంచి దాన్ని బయటకు లాగడమే కష్టం.

పెద్దయ్యాక డిస్లెక్సియా పోదు, రూపం మార్చుకుంటుంది. తెలుగులాంటి లిపిలో ఈ రూపం మరీ మోసపూరితం. ఇంగ్లీషులో రాసేదొకటి, పలికేదొకటి. కడప పేరునే చూడండి, ఇంగ్లీషులో పాత స్పెల్లింగుకు ఎనిమిది అక్షరాలు. అందులో రెండు 'డి'లు, చివర పలకని ఒక 'హెచ్'. అలాంటి చోట డిస్లెక్సియా ఉన్నవాళ్ల తప్పులు బయటపడిపోతాయి. తెలుగులో ఎలా రాస్తే దాదాపు అలాగే పలుకుతాం కాబట్టి, కూడబలుక్కుని అయినా చివరికి సరిగ్గానే చదివేస్తారు. తప్పు కనబడదు, కనబడేది నిదానమే. 2001లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఇటాలియన్, ఫ్రెంచ్, ఇంగ్లీషు మాట్లాడే డిస్లెక్సియా ఉన్న పెద్దవాళ్లను పోల్చింది. ఇటాలియన్ కూడా తెలుగులాగే పలికినట్టు రాసే భాష, అందుకే ఇటాలియన్లు మిగతావాళ్లకన్నా మెరుగ్గా చదివారు. అయినా మెదడు స్కానింగులో ముగ్గురిలోనూ ఒకే తేడా. చదివేటప్పుడు ఎడమవైపు భాగంలో కనిపించాల్సిన చురుకుదనం తగ్గి ఉంది. లిపి తేలికైతే లోపం కనబడకుండా దాగుతుంది తప్ప పోదు.

పైగా మన లిపిని పూర్తిగా తేలిక అనడానికీ లేదు. సోనాలీ నాగ్ కన్నడ పిల్లల మీద చేసి 2007లో ప్రచురించిన పరిశోధనలో, గుణింతాలు, ఒత్తులతో కూడిన అక్షరాలన్నీ పట్టుబడటానికి నాలుగో తరగతి దాకా, కొందరికి ఆ తర్వాత కూడా సమయం పట్టింది. అనంతపురం దాటి బళ్ళారి వైపు వెళితే కనిపించే ఆ కన్నడ లిపి మన లిపికి తోబుట్టువే. 'థ'కూ 'ధ'కూ తేడా ఒక చిన్న చుక్క, 'ప'కూ 'వ'కూ తేడా తలకట్టు అతికిందా లేదా అన్నదే. 'స్త్రీ' అని రాస్తే మూడు హల్లులు, ఒక అచ్చు ఒకే గుత్తిలో ఇమిడిపోయాయి. ఇవి ఒక్కొక్కటీ చిన్న ఖర్చులే, పేజీ మొత్తానికి కలిపితే పెద్ద మొత్తం.

ధ్యాస అనేది ఒకటి కాదు

'ధ్యాస' అని ఒక్క మాటతో అనేస్తాం గానీ, లోపల జరిగే పనులు చాలా. మైకేల్ పోస్నర్, స్టీవెన్ పీటర్సన్ 1990లో దీన్ని మూడుగా విడదీశారు: మెలకువగా, సిద్ధంగా ఉండటం, కావాల్సిన వైపు దృష్టి మళ్లించడం, రెండు పనులు పోటీ పడుతున్నప్పుడు ఏది ముఖ్యమో తేల్చి రెండోదాన్ని ఆపడం. ఈ మూడోదాన్నే కాగ్నిటివ్ కంట్రోల్ అంటారు. ఎద్దుల బండిలో పగ్గం పట్టుకున్న చెయ్యి లాంటిది అది. 2000లో అకిరా మియాకే బృందం ఈ మూడోదాన్ని మళ్లీ మూడుగా చూపించింది. చేయకూడని పనిని ఆపుకోవడం ఒకటి, ఒక పని నుంచి ఇంకో పనికి మారడం ఒకటి, తలలో ఉంచుకున్న సమాచారాన్ని ఎప్పటికప్పుడు కొత్తదానితో మార్చుకుంటూ పోవడం ఇంకొకటి. ఈ మూడో పనికి వర్కింగ్ మెమరీ కావాలి. దాన్ని అరుగు మీది పలకలా అనుకోవచ్చు. కొంచెమే చోటు ఉంటుంది, కొత్తది రాయాలంటే పాతది చెరపాలి.

డిస్లెక్సియా ఉన్న పెద్దవాళ్లలో ఎక్కువగా దెబ్బతినేది ఈ పలకే. దీన్ని దగ్గర నుంచి చూడాలంటే కర్నూలులో ఉల్లి మండీ దగ్గర పనిచేసే ఒక గుమాస్తాను ఊహించుకుందాం. అతనికి ఉల్లి గురించి తెలియనిది లేదు. గడ్డ చేత్తో నొక్కి, పొర చూసి, ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పేస్తాడు. ధర మాట్లాడటంలో దిట్ట. ఇబ్బందల్లా తక్‌పట్టీ, అంటే సరుకు అమ్మకం చీటీ, రాయడంలో. రైతు పేరు, ఊరు, బస్తాలు, తూకం, క్వింటా ధర, అన్నీ ఒకదాని వెనక ఒకటి నోటితో చెబుతారు. మామూలు గుమాస్తా ఒక చెవితో వింటూ చేత్తో రాసేస్తాడు. ఇతనికి ఊరి పేరు దగ్గరే ఆలస్యం అవుతుంది. 'వెల్దుర్తి' అని రాయాలి, 'ల్దు'లో దకారపు ఒత్తు, కొమ్ము, 'ర్తి'లో తకారపు ఒత్తు, గుడి. ఆ అక్షరాలు కూర్చుకునేలోపు 'నలభై రెండు బస్తాలు' అనే మాట వచ్చి వెళ్లిపోయింది. పలక మీద చోటు లేదు. మళ్లీ అడగాలి. రెండోసారి అడిగితే 'ధ్యాస ఎక్కడ పెట్టుకున్నావు?' అని చుట్టూ నవ్వులు. అతని ధ్యాస ఎక్కడికీ పోలేదు, 'వెల్దుర్తి' ఒత్తుల మీదే ఉంది.

ఇక్కడ జరిగింది మూడు భాగాల్లో చూడొచ్చు. ఒకటి, రాయడం అలవాటు పనిగా మారలేదు, కాబట్టి ప్రతిసారీ పగ్గం పట్టుకోవాల్సి వస్తోంది. 1990లో బ్రిటన్‌లో రోడరిక్ నికల్సన్, ఏంజెలా ఫాసెట్ ప్రతిపాదించింది ఇలాంటి వాదనే. డిస్లెక్సియా ఉన్న పిల్లలు ఒక సన్నని దూలం మీద నిలబడటం ఒక్కటే చేస్తే మిగతావాళ్లలాగే నిలబడ్డారు, దాంతోపాటు లెక్కపెట్టడం లాంటి రెండో పని ఇస్తే తూలిపోయారు. వాళ్ల వాదన మొత్తాన్ని అందరూ ఒప్పుకోలేదు గానీ, నైపుణ్యం అలవాటుగా మారకపోతే రెండు పనులు కలిసినప్పుడే అసలు సంగతి బయటపడుతుందన్న గమనిక మాత్రం నిలబడింది. రెండు, మాట రూపంలో ఉన్న సమాచారం పలక మీద తొందరగా చెరిగిపోతోంది. మూడు, మళ్లీ అడగాల్సి వచ్చినప్పుడు పుట్టిన సిగ్గు, టెన్షన్ మరికొంత చోటు ఆక్రమిస్తోంది. ఈ మూడోది మనుషులు పెట్టేది.

బ్రిటన్‌లో జేమ్స్ స్మిత్-స్పార్క్, జాన్ ఫిస్క్ 2007లో డిస్లెక్సియా ఉన్న యూనివర్సిటీ విద్యార్థుల వర్కింగ్ మెమరీని పరీక్షించారు. మాటలు, అంకెలు గుర్తుపెట్టుకునే పరీక్షల్లో వాళ్లు వెనకబడటం ఊహించిందే. అయితే అక్షరాలతో సంబంధం లేని, స్థలాలు, ఆకారాలు గుర్తుపెట్టుకునే పరీక్షల్లో కూడా, పని కొత్తగా, బరువుగా ఉన్నప్పుడు తేడా కనిపించింది. ఇది ముఖ్యమైన సంగతి, దాటవేయకూడనిది కూడా. అంతా చదువు ఖర్చే అయితే ఇక్కడ తేడా రాకూడదు కదా. అంటే కొంత భాగం నిజంగానే పగ్గానికి సంబంధించిన బలహీనత. తర్వాత స్మిత్-స్పార్క్ బృందమే 'ఇన్ని గంటలకు ఈ పని చేయాలి' అని ముందు అనుకుని, సమయానికి గుర్తుతెచ్చుకుని చేయడంలో డిస్లెక్సియా ఉన్న పెద్దవాళ్లకు ఇబ్బంది ఉందని చూపించింది. గ్యాస్ బుక్ చేయడం, సాయంత్రం మందు వేసుకోవడం, అయిదింటికి ఫోన్ చేస్తానన్న మాట, ఇలాంటివి జారిపోతాయి. ఇంట్లోవాళ్లు దీన్ని నిర్లక్ష్యంగా చదువుకుంటారు. భార్యాభర్తల మధ్య దీనివల్ల పుట్టే తగాదాలు ఎవరి లెక్కలోకీ రావు.

'ఎరుపు' అని పచ్చ సిరాతో రాస్తే

కాగ్నిటివ్ కంట్రోల్‌ను కొలిచే పరీక్షల్లో పేరున్నది స్ట్రూప్ పరీక్ష. జాన్ రిడ్లీ స్ట్రూప్ 1935లో దీన్ని ప్రచురించాడు. 'ఎరుపు' అనే మాటను పచ్చ సిరాతో రాసి చూపిస్తారు. మాట చదవకుండా సిరా రంగు చెప్పాలి. 'పచ్చ' అనాల్సిన చోట 'ఎరుపు' అని నోరు జారుతుంది, లేదా ఆగి చెప్పాల్సి వస్తుంది. చదవడం మనకు ఎంత అలవాటైపోయిందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆపుదామన్నా ఆగదు.

మరి చదవడం నిదానంగా సాగేవాళ్లకు ఈ పరీక్ష తేలిక కావాలి కదా. మాట మీదికి రాకముందే రంగు చెప్పేయొచ్చు. జరిగేది అది కాదు. చాలా అధ్యయనాల్లో డిస్లెక్సియా ఉన్నవాళ్లకు ఈ అడ్డంకి మిగతావాళ్లంత లేదా అంతకన్నా ఎక్కువే వచ్చింది. 2007లో గ్రీసులో అథనాసియోస్ ప్రోటోపాపాస్ బృందం బడిపిల్లల మీద చేసిన పరిశోధన దీనికి ఒక చక్కని వివరణ ఇచ్చింది. ఎంత నిదానంగా చదివితే అడ్డంకి అంత ఎక్కువ. ఎందుకంటే మాటను ఆపాలంటే ముందు అది ఏ మాటో తేలాలి. తేలడానికి ఆలస్యమైతే, దాన్ని పక్కకు నెట్టడానికీ ఆలస్యమే. గేటు దగ్గర మనిషి ఎవరో గుర్తుపట్టాక గదా లోపలికి రానివ్వాలో వద్దో తేల్చేది.

ఈ ఒక్క సంగతి అర్థమైతే పోటీ పరీక్షలు వీళ్లను ఎందుకు అంత వేధిస్తాయో తెలుస్తుంది. అనంతపురంలో, కర్నూలులో స్టడీ హాళ్లలో ఏళ్ల తరబడి కూర్చుని చదివే యువత ఎందరో. గ్రూప్-2 ప్రిలిమ్స్‌లో 150 ప్రశ్నలకు 150 నిమిషాలు, తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోత. ప్రశ్న 'కిందివాటిలో సరికానిది ఏది?' అని ఉంటుంది. కింద నాలుగు వాక్యాలు, ఆ తర్వాత 'ఎ మాత్రమే. బి, డి మాత్రమే' అని నాలుగు ఎంపికలు. 'సరికానిది' అన్న మాటను పలక మీద ఉంచుకునే నాలుగు వాక్యాలు చదవాలి. నిజమైన వాక్యం కనపడగానే 'ఇదే' అనిపించే తొందరను ఆపుకోవాలి. వాక్యాలు చదవడానికే పలక నిండిపోతే మొదట చెరిగిపోయేది ఆ 'కాని' అన్న రెండక్షరాలే. విషయం పూర్తిగా తెలిసి కూడా తప్పు గడి దిద్ది వస్తారు. ఇంటికొచ్చి కీ చూసుకుని తల పట్టుకుంటారు. పక్కవాళ్లు 'తొందరపాటు' అంటారు. ఆ మాట పడే మనిషికే తెలుసు, తను హాల్లో అందరికన్నా నిదానంగా చదివానని.

బాణం గుర్తులు, బొమ్మలు లాంటి అక్షరాలు లేని పరీక్షల్లో ఫలితాలు కలగాపులగంగా వస్తున్నాయి. కొన్నింట్లో తేడా లేదు, కొన్నింట్లో ఉంది. అందుకే 'డిస్లెక్సియా ఉంటే నిగ్రహం తక్కువ' అని ఒక ముద్ర కొట్టేయడం సరికాదు.

కారణమా, ఫలితమా

ఇంకో పాయ ఉంది. 1999లో హెల్సింకిలో రిట్టా హరి బృందం డిస్లెక్సియా ఉన్న పెద్దవాళ్లకు తెర మీద అక్షరాలను వేగంగా ఒకదాని వెనక ఒకటి చూపించింది. వాటిలో ఒకదాన్ని గుర్తుపట్టాక, మనసు దాన్ని వదిలి తర్వాతిదాన్ని అందుకోవడానికి వాళ్లకు మిగతావాళ్లకన్నా ఎక్కువ సమయం పట్టింది. ధ్యాస ఒకచోట అతుక్కుని నిదానంగా కదులుతుందని, చదవడంలో ఇబ్బందికి ఇది మూలం కావచ్చని హరి, రెన్వాల్ 2001లో రాశారు. ఆకర్షణీయమైన వాదన. చదవడమంటే అక్షరం నుంచి అక్షరానికి ధ్యాస జరపడమే కదా.

దీనికి ఎదురు నిలిచే సాక్ష్యం మన దేశంలోనే దొరికింది. ఉత్తరప్రదేశ్‌లో లక్నో దగ్గరి పల్లెల్లో, అసలు చదువురాని ముప్పై ఏళ్ల వయసు పెద్దవాళ్లకు, ఎక్కువగా ఆడవాళ్లకు, ఆరు నెలల పాటు హిందీ చదవడం, రాయడం నేర్పించారు. మైకేల్ స్కైడ్, ఫాల్క్ హ్యూటిగ్ బృందం ఈ ఫలితాలను 2017లో ప్రచురించింది. ఆ ఆరు నెలల్లోనే మెదడు లోతుల్లో, థాలమస్‌లో, మెదడు కాండంలో, చూపును, ధ్యాసను మళ్లించడంలో పాలుపంచుకునే భాగాల పనితీరు మారింది. చదవడం నేర్చుకోవడమే ధ్యాస యంత్రాంగాన్ని సానబెడుతోందన్నమాట. అదే నిజమైతే, డిస్లెక్సియా ఉన్నవాళ్లలో ఆ భాగాల్లో కనిపించే తేడాల్లో కొన్ని జీవితమంతా తక్కువ చదవడం వల్ల వచ్చినవి కావచ్చు. అప్పుడు అవి కారణం కాదు, ఫలితం.

ఇది సీమకు నేరుగా తగిలే సంగతి. 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా అక్షరాస్యత దాదాపు 60 శాతం. కరువు కాలంలో వలసపోయిన కుటుంబాల పిల్లలు సగం ఏడాది బడికి దూరమైనవాళ్లే. అలాంటి చోట ఒక పెద్దాయన కూడబలుక్కుని చదువుతుంటే, అది డిస్లెక్సియానా, చదువు అందకపోవడమా? రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. సరైన బోధన అందినా చదువు రాకపోతేనే డిస్లెక్సియా అనాలి. ఆ బోధనే అందని తరంలో అసలు డిస్లెక్సియా ఉన్నవాళ్లు గుంపులో కలిసిపోయారు. 'మా కాలంలో ఇవన్నీ లేవు' అనే మాట ఇక్కడి నుంచే వస్తుంది. ఉన్నారు, వాళ్లను ఎవరూ లెక్కపెట్టలేదు.

ధ్యాస నిలవని ఇబ్బంది అయిన ఏడీహెచ్‌డీతో గందరగోళం కూడా తక్కువేమీ కాదు. రెండూ ఒకే మనిషిలో ఉండటం మామూలే. ఒకటి ఉన్నవాళ్లలో సుమారు నాలుగో వంతు నుంచి నలభై శాతం దాకా రెండోది కూడా కనిపిస్తుందని సాధారణంగా అంచనా. రెండింటికీ కొంత ఉమ్మడి జన్యు మూలం ఉంది, పని నిదానంగా సాగడమనే లక్షణాన్నీ రెండూ పంచుకుంటాయి. వేరుగా గుర్తుపట్టడానికి ఒక మోటు దారి ఉంది. ఏడీహెచ్‌డీ ఉంటే ధ్యాస ఎదుటివాళ్లు చెప్పే మాటల దగ్గర, సినిమా దగ్గర, వంటింట్లో, బండి మీద, అన్నిచోట్లా జారుతుంది. డిస్లెక్సియా ఒక్కటే ఉన్న మనిషి హరికథో, వీధినాటకమో తెల్లవార్లూ కూర్చుని విని, మరునాడు కథంతా చెప్పగలడు. తేడా ఎక్కువగా కనిపించేది కాగితం ముందుకు వచ్చినప్పుడే. ఖాయం చేయాల్సింది మాత్రం సైకాలజిస్టే.

టెన్షన్ సంగతి ఇంకా చెప్పాల్సింది ఉంది. మైకేల్ ఐసెంక్ బృందం 2007లో వివరించినట్టు, ఆందోళన మనిషి పగ్గాన్ని లాగేసుకుంటుంది. ధ్యాసలో కొంత భాగం ఎప్పుడూ 'ఎవరైనా చూస్తున్నారా, తప్పు పోతుందా' అని కాపలా కాయడానికే పోతుంది. పని చివరికి అయినా, రెట్టింపు శ్రమతో అవుతుంది. బ్యాంకులో ఫారం నింపేటప్పుడు వెనక క్యూ ఉంటే, మీటింగులో కాగితం చేతికిచ్చి గట్టిగా చదవమంటే, డిస్లెక్సియా ఉన్న మనిషి మీద రెండు బరువులు ఒకేసారి పడతాయి. ఇంటి దగ్గర పది నిమిషాల్లో నింపగలిగిన ఫారం అక్కడ అరగంటైనా అవదు. దీన్ని చూసినవాళ్లకు చాతకానితనం కనిపిస్తుంది. బడిలో బెత్తం దెబ్బలతో మొదలైన భయం ఎన్ని ఏళ్లు నిలుస్తుందో ఆ క్యూలో నిలబడ్డవాళ్లను చూస్తే తెలుస్తుంది.

కాగితం మీది హక్కు

చట్టం ఈ విషయంలో సమాజం కన్నా ముందే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. అది గుర్తించిన 21 వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి, డిస్లెక్సియా దాని కిందికే వస్తుంది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నవాళ్లకు ప్రభుత్వ ఉద్యోగాల్లో మొత్తం 4 శాతం కోటా ఉంటే, అందులో ఒక శాతాన్ని అభ్యసన వైకల్యం, ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లంతా పంచుకోవాలి. 2018 ఆగస్టులో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు రాత పరీక్షల్లో గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలన్నాయి. మూడు గంటల పరీక్షకు ఇంకో గంటన్నమాట. 40 శాతం లేదన్న ఒక్క కారణంతో పరీక్ష రాసిపెట్టే లేఖకుణ్ని నిరాకరించకూడదని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో చెప్పింది. 2022 ఆగస్టులో, 40 శాతానికి తక్కువున్నా రాయడంలో ఇబ్బంది ఉన్నవాళ్ల కోసం కేంద్రం విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది.

పెద్దవాళ్లకు ఇబ్బంది మొదలయ్యేది సర్టిఫికెట్ దగ్గర. ఎక్కువగా వాడే నిమ్‌హాన్స్ (బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ) పరీక్షల్లో మొదటి స్థాయి 5 నుంచి 7 ఏళ్ల పిల్లలకు, రెండో స్థాయి 8 నుంచి 12 ఏళ్ల పిల్లలకు తయారైంది. చిన్నప్పుడు ఎవరూ గుర్తించని మనిషి ముప్పై ఏళ్ల వయసులో వచ్చి కూర్చుంటే, ఏడో తరగతి స్థాయి పేరా ఇచ్చి చదవమంటే చదివేస్తాడు. తప్పులు ఒకటో రెండో. పరీక్ష పెట్టేవాళ్లు తప్పులే లెక్కపెడితే 'ఏమీ లేదు' అని పంపించేస్తారు. గడియారం చూసుకుంటే వేరే కథ. తెలుగులో డిస్లెక్సియా నిదానంలో ఉంటుంది తప్ప తప్పుల్లో ఉండదన్నది ఇక్కడ గుర్తుకు రావాలి. చదివే వేగం, చదువుతూ ఇంకో పని చేసినప్పుడు పడే భారం, విన్న మాటలను పట్టుకుని ఉంచుకోవడం, వీటిని కొలిస్తేనే పెద్దవాళ్ల సంగతి తెలుస్తుంది. వైకల్య సర్టిఫికెట్ల కోసం పెట్టే సదరం క్యాంపు అంటే జనానికి కాలు, చెయ్యి, కన్ను, చెవే గుర్తొస్తాయి. తల నిండా తెలివి పెట్టుకుని కాగితం ముందు చెమటలు పట్టే మనిషి ఆ వరుసలో నిలబడటానికి కూడా సిగ్గుపడతాడు.

ఏది పనికొస్తుంది అన్న ప్రశ్నకు ముందు పనికిరానివి చెప్పాలి, ఎందుకంటే డబ్బు పోయేది అక్కడే. కంప్యూటర్ ఆటలతో వర్కింగ్ మెమరీని పెంచుతామనే కోర్సులు బాగా అమ్ముడవుతున్నాయి. మోనికా మెల్బీ-లెర్వాగ్, చార్లెస్ హ్యూమ్ 2013లో అలాంటి అధ్యయనాలన్నీ కూర్చి చూశారు. ఏ ఆట సాధన చేస్తే అలాంటి ఆటల్లో కొంతకాలం మెరుగుపడ్డారు, చదవడం మాత్రం మెరుగుపడలేదు. రంగు అద్దాలు, రంగు కాగితాలు కూడా అంతే, గట్టి ఆధారం లేదు. 'ఇంకా ధ్యాస పెట్టు' అనే సలహా ఖరీదు లేనిదే గానీ, ఫలితం కూడా అంతే. ఉన్నదంతా ఇప్పటికే పెట్టేశాడు.

పనికొచ్చేది ధ్యాస మీది బరువు దించడం. ఇందులో పెద్ద శాస్త్రమేమీ లేదు, పట్టించుకునే మనిషి కావాలి. అక్షరాల మధ్య ఎడం పెంచితే డిస్లెక్సియా ఉన్న ఇటాలియన్, ఫ్రెంచ్ పిల్లలు అప్పటికప్పుడే మెరుగ్గా చదివారని మార్కో జోర్జీ బృందం 2012లో చూపించింది. తెలుగులో పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య ఎడం ఇంకా ముఖ్యం. సర్క్యులర్లు, కరపత్రాలు ఒత్తులు పక్క వరుసకు తగిలేలా అచ్చువేయడం మామూలు కళ్లకే హింస. ఫోన్‌లో తెలుగు చదివి వినిపించే సౌకర్యం, నోటితో చెబితే టైప్ చేసే సౌకర్యం ఇప్పుడు చేతిలోనే ఉన్నాయి. వాట్సాప్‌లో టైప్ చేయకుండా వాయిస్ మెసేజ్ పెట్టేవాళ్లను బద్ధకస్తులనుకోవడం మానాలి. గుర్తుంచుకోవాల్సిన పనికి అలారం పెట్టుకోవడం మతిమరుపుకు ఒప్పుకోలు కాదు, కళ్లద్దాలు పెట్టుకోవడం లాంటిదే.

పనిచోట మార్పు ఇంకా తేలిక. సూచనలు ఒకేసారి అయిదు చెప్పకుండా ఒక్కోటి చెప్పడం. నోటితో చెప్పిందాన్ని కాగితం మీదా, కాగితం మీదిదాన్ని నోటితోనూ ఇవ్వడం. మీటింగులో చదవాల్సిన కాగితాన్ని ముందురోజే ఇవ్వడం. రాసేటప్పుడు మధ్యలో పిలవకుండా ఉండటం, ఎందుకంటే ఒక పని నుంచి ఇంకోదానికి వెళ్లి మళ్లీ వెనక్కు రావడానికి వీళ్లకు అందరికన్నా ఎక్కువ ఖర్చవుతుంది. ఇవి చేయడానికి సర్టిఫికెట్ అక్కర్లేదు, జీవో అక్కర్లేదు.

ఉల్లి మండీ గుమాస్తా దగ్గరికే తిరిగి వెళితే, అతనికి కావాల్సింది చాలా కొద్ది. మండీకి సరుకు తెచ్చే ఊళ్లు ఎప్పుడూ దాదాపు అవే: వెల్దుర్తి, కోడుమూరు, గూడూరు, దేవనకొండ, పత్తికొండ. వాటిని తక్‌పట్టీ పుస్తకం అట్ట లోపల పెద్ద అక్షరాల్లో రాసి, పక్కన అంకెలు వేసుకుంటే సరిపోతుంది. 'వెల్దుర్తి' అని చెప్పినప్పుడు '1' అని రాస్తాడు. అప్పుడు 'నలభై రెండు బస్తాలు' అన్న మాటకు పలక ఖాళీగా ఉంటుంది. తూకం, ధర కూడా వరుసగా వచ్చి కూర్చుంటాయి. ఊళ్ల పేర్లు సాయంత్రం, జనం పలచబడ్డాక, టీ తాగుతూ నింపుకోవచ్చు. అప్పుడు 'ర్తి'లోని ఒత్తుకు ఎంత సమయం పట్టినా ఎవరూ వెనక నిలబడి ఉండరు.